99 శాతం రంగు పోయిందంటే ఎంత పోయినట్టు?

కిలో నూలుకు కాస్త ముదురు రంగు ఎక్కాలంటే సుమారు 20 గ్రాముల రియాక్టివ్ రంగు (దారంతో రసాయన బంధం ఏర్పరచుకునే రంగు) పడుతుంది. అందులో ఐదో వంతు దారానికి పట్టకుండా తొట్టిలోనే మిగిలిందనుకుందాం. ఈ రకం రంగులకు అది మామూలే. అంటే 4 గ్రాములు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము కలిసినా కంటికి ఆనే రంగులు చాలా ఉన్నాయి. ఆ లెక్కన 4 గ్రాములు 4,000 లీటర్లకు, అంటే ఓ చిన్న ట్యాంకరు నీళ్లకు రంగు ఎక్కించడానికి సరిపోతాయి. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ప్రాంతంలో ట్యాంకరు నీళ్ల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ రంగును నీళ్లలోంచి పీల్చడానికి నానో రేణువులు వాడాలంటారు. ఎందుకు? సెంటీమీటరు ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లే. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే 600 చదరపు మీటర్లవుతుంది. రంగు అణువులు అతుక్కునేది ఆ పైభాగానికే. ఫెర్రిక్ క్లోరైడ్, ఫెర్రస్ లవణం కలిపిన ద్రావణంలో అమ్మోనియా పోస్తే క్షణాల్లో నల్లటి పొడి దిగుతుంది. అదే మాగ్నటైట్. నీళ్లలో కలిపి, బీకరు పక్కన అయస్కాంతం పెడితే పొడంతా గోడకు అంటుకుపోయి నీళ్లు తేరుకుంటాయి. వడపోత పనే లేదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను.

కానీ పొడి ఇంత శాతం రంగు తీసిందని చెప్పడంలోనే ఉంది మాయంతా. లీటరుకు 10 మిల్లీగ్రాముల రంగు, ఒక గ్రాము పొడి, 99 శాతం ఫలితం: గ్రాము పొడి పట్టింది 9.9 మిల్లీగ్రాములే. లీటరుకు 200 మిల్లీగ్రాముల రంగున్న నీళ్లలో మరో పొడి ఒక గ్రాము 60 శాతమే తీసిందంటే, 120 పట్టినట్టు. 60 శాతమే తీసిన పొడి పట్టిందే ఎక్కువ! గ్రాముకు 100 మిల్లీగ్రాములు పట్టే పొడి దొరికినా, మన 4 గ్రాముల రంగుకు కనీసం 40 గ్రాములు కావాలి. రంగుతో నిండిన ఆ పొడిని మళ్లీ కడగాలి, లేదా ఎక్కడో పారేయాలి.

ఇంకో చిక్కు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే మిథిలీన్ బ్లూది ధనావేశం. నూలుకు వేసే రియాక్టివ్ రంగులది రుణావేశం. అద్దకానికి ఉప్పు, సోడా వేసిన తొట్టిలో పీహెచ్ 11 దాకా ఉంటుంది. అక్కడ మాగ్నటైట్ ఉపరితలం కూడా రుణావేశమే కాబట్టి రంగును దూరంగా నెడుతుంది. ఆమ్లం పోసి పీహెచ్ తగ్గించాలి. అప్పుడు ఉప్పు ఇంకా పెరుగుతుంది.

అసలు భారం ఉప్పే. లీటరుకు 50 గ్రాముల చొప్పున 20 లీటర్ల తొట్టిలో కిలో ఉప్పు ఉంటుంది. నానో పొడి దాని జోలికి పోదు. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు తిరుప్పూరు అద్దకం యూనిట్లను మూయించింది. అక్కడ నొయ్యల్ నదిని పాడుచేసినవాటిలో రంగుతో పాటు ఈ లవణాలూ ఉన్నాయి.

పైగా ప్రయోగశాలలో వాడే డిస్టిల్డ్ వాటర్ లాంటివి కావు మన బోరు నీళ్లు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి దేశంలో తొలి నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్, బైకార్బొనేట్ కూడా మాగ్నటైట్ మీద చోటు కోసం పోటీ పడతాయి.

కాబట్టి ఆత్మకూరు, ఉదయగిరి వైపు కెమిస్ట్రీ ప్రాజెక్టు చేసే పిల్లలకు ఒక మాట. మీ ఊరి బోరు నీళ్లు తీసుకోండి. రియాక్టివ్ రంగు, ఉప్పు, సోడా కలపండి. ఆ నీళ్లలో గ్రాము పొడి ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో, ఎన్నిసార్లు కడిగి వాడగలిగారో రాయండి. శాతం రాయకపోయినా ఫర్వాలేదు.