పొయ్యి మంచిదే, కట్టే పచ్చిది

గ్యాసు బండ వచ్చినా మన ఊళ్లలో కట్టెల పొయ్యి ఆరలేదు. స్నానాలకు నీళ్లు, ఎద్దులకు ఉలవలు దానిమీదే. పొగగొట్టం పొయ్యి కట్టించుకున్నవాళ్లు కూడా ‘దీనిక్కూడా పొగేనా’ అని విసుక్కుని మళ్లీ మూడు రాళ్లకే పోతున్నారు. చాలా ఇళ్లలో తప్పు పొయ్యిది కాదు.

ముందు కట్టె సంగతి చూడండి. అప్పుడే కొట్టిన తుమ్మ, సుబాబుల్ కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. అవి ఆవిరయ్యేదాకా మంట వేడి వాటికే సరిపోతుంది, మీకు మిగిలేది పొగ. వేసవిలోనే కొట్టి, చీల్చి, నేల తగలకుండా రాళ్ల మీద పేర్చండి. పైన కప్పండి, పక్కలు గాలికి వదలండి. చివర్లు పగుళ్లిచ్చి, రెండు కట్టెలు తాటిస్తే టంగుమంటే ఆరినట్టే. పత్తికట్టె, కందికట్టె భగ్గున మండి ఊరుకుంటాయి. వాటితో రాజేసి తుమ్మ చీలికలతో మంట నిలపండి.

పొయ్యి నోటినిండా కట్టెలు కుక్కితే గాలి ఆడదు. సన్నవి రెండు మూడు చాలు, కాలినకొద్దీ లోపలికి జరపాలి. బూడిద రోజూ తీయాల్సిందే. రెండు కళ్ల పొయ్యి అయితే రెండో కన్ను ఖాళీగా వదలకండి, పొగంతా అందులోంచే ఇంట్లోకొస్తుంది. నీళ్ల గిన్నైనా పెట్టండి.

ఈ పొయ్యి కొత్తదేం కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీకి చెందిన ఎస్.పి. రాజు 1953లోనే పొగలేని వంటిళ్ల మీద పుస్తకం వేశారు. 1983లో కేంద్రం పెట్టిన మెరుగైన పొయ్యిల పథకం 2002లో ఆగింది. పొయ్యి కట్టించడం అందరికీ గుర్తుంటుంది, గొట్టం దులపడమే గుర్తుండదు. మా ఇంట్లోనూ అంతే. ఏడాదిపాటు నేను గొట్టం ముట్టుకోలేదు. మా ఆవిడ కళ్లెర్రబడి, దగ్గు పట్టుకుంటే గానీ ఎక్కి చూడలేదు. లోపల మసి పేరుకుని చెయ్యి దూరనంత సందే మిగిలింది.

నెలకోసారి, పొయ్యి పూర్తిగా చల్లారాక, వెదురుబొంగు చివర గోనెగుడ్డ చుట్టి పైనుంచి దులపండి. ఇది మగవాళ్లు చేయాల్సిన పని, ఆడవాళ్లను ఇంటికప్పు ఎక్కించకండి. గొట్టం కొస కప్పు మీదికి బాగా పోవాలి, లేకపోతే గాలికి పొగ వెనక్కి తంతుంది. పూరిల్లయితే గొట్టం గడ్డికి తగలకూడదు. గొట్టంలేని ఇనుప పొయ్యి కొన్నవాళ్లు వసారాలోనో పెరట్లోనో వెలిగించుకోండి.

అన్నం దించాక మిగిలిన నిప్పుల మీద నీళ్లు చల్లకండి. నానబెట్టిన పప్పు గిన్నె మూతపెట్టి వాటిమీద ఉంచండి, సగం ఉడుకు అక్కడే అయిపోతుంది.