కన్నదిరే కెమెరా

కోయంబత్తూరు పీళమేడు నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన జి.డి. నాయుడు ఫ్లైఓవర్‌ను ఆయన తమ మేడ మీద నుంచి టైమ్‌లాప్స్ తీశారట. మబ్బు తునక లేని మధ్యాహ్నం, గంటకు పైగా ఎండలో నిలబడి, ఎనిమిది వందల ఫోటోలు. వాటిని వీడియోగా కూర్చి చూస్తే కార్లు చీమల బారులా చక్కగానే పోతున్నాయి, కానీ బొమ్మ మొత్తం మిణుకుమిణుకుమంటోంది. "అన్నీ మాన్యువల్‌లోనే పెట్టానండీ, ఏదీ ఆటోలో లేదు. కెమెరా పోయినట్టేనా?" అని అడిగారు.

పోలేదు. కెమెరా తన పని తాను శ్రద్ధగా చేస్తోంది. తంటా అంతా ఆ శ్రద్ధతోనే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి ఐదు సెకన్లకొక ఫోటో తీసి, వాటిని సెకనుకు 25 చొప్పున ఆడిస్తే కాలం 125 రెట్లు పరిగెడుతుంది. పది సెకన్ల వీడియోకు 250 ఫోటోలు, అంటే సుమారు 21 నిమిషాల కాపలా. ఫోకస్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, షట్టర్ వేగం, ఎపర్చర్ అన్నీ మన చేతిలోనే ఉంచుకోవాలి. ఇంతే.

ఇప్పుడు లెన్స్ లోపలికి వెళ్దాం. అక్కడ పలచని రేకులు కొన్ని ఒకదాని మీద ఒకటి ఒరిగి, నడుమ ఒక రంధ్రం వదులుతాయి. అదే ఎపర్చర్. మీరు ఎఫ్/16 అని పెట్టగానే ఆ రంధ్రం చిన్నదైపోయిందని అనుకుంటున్నారా? కాలేదు. డీఎస్ఎల్ఆర్‌లో మనం చూసేది లెన్స్ లోంచి వచ్చి అద్దం మీద పడిన వెలుగునే. రంధ్రం మూసుకుంటే వ్యూఫైండర్ చీకటైపోతుంది. అందుకని లెన్స్ ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన క్షణాన అద్దం పైకి లేస్తుంది, రేకులు ఎఫ్/16 దాకా మూసుకుంటాయి, షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది, రేకులు మళ్లీ విచ్చుకుంటాయి. ఇదంతా మనం రెప్ప వేసేంతలో అయిపోతుంది. పీళమేడు మేడ మీద ఆ మధ్యాహ్నం ఈ తంతు ఎనిమిది వందల సార్లు జరిగింది.

ఎనిమిది వందల సార్లూ ఆ రేకులు సరిగ్గా ఒకే చోట ఆగుతాయా? ఆగవు. ఆగకపోతే ఎంత నష్టమో లెక్క కట్టి చూడండి, నాకు ఈ లెక్కంటే మహా ఇష్టం. 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఎఫ్/16 అంటే 50ని 16తో భాగించాలి. రంధ్రం అడ్డుకొలత మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, ఆవగింజకంటే కాస్త పెద్దది. అందులో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు తేడా వచ్చిందనుకుందాం, అంటే తలవెంట్రుక మందం కూడా కాదు. వెలుగు లోపలికి వచ్చేది రంధ్రం వైశాల్యాన్ని బట్టి కనుక ఆ తేడా రెట్టింపవుతుంది, నూటికి మూడు వంతులు దాటుతుంది. అదే ఎఫ్/2.8 అయితే రంధ్రం దాదాపు 18 మిల్లీమీటర్లు. అంతే పొరపాటుకు అక్కడ తేడా నూటికి అర వంతే. రేకులది ఒకే తప్పు, శిక్ష మాత్రం ఆరు రెట్లు.

మూడు వంతుల తేడా మనకేం కనిపిస్తుందిలే అంటారా? ఒక్క ఫోటోలో కనిపించదు. ఫోటోలను విడివిడిగా చూసి "అన్నీ బాగానే ఉన్నాయే" అని తల పట్టుకునేది అందుకే. 1950లలో డి లాంగే అనే డచ్చి పరిశోధకుడు మినుకుమనే దీపాలను చూపించి మనుషుల కళ్లను కొలిచాడు. వెలుతురు బాగా ఉన్నప్పుడు మన కన్ను అన్నిటికంటే చురుగ్గా పసిగట్టేది సెకనుకు పదిసార్ల చుట్టుపక్కల ఉండే మినుకును. అక్కడ నూటికి ఒక వంతు తేడా కూడా చాలు. మన వీడియోలో ఒక ఫోటో కాస్త వెలుగు, ఇంకోటి కాస్త మసకగా సెకనుకు 25 చొప్పున పోతుంటే మినుకు సెకనుకు పన్నెండున్నర సార్ల దాకా ఉంటుంది. తెలిసి ఎంచుకున్నా ఇంతకంటే చెడ్డ వేగం దొరకదు.

ఈ జబ్బుకు తప్పుడు వైద్యం చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ని. మదురైలో తై మాసపు పౌర్ణమికి తెప్పోత్సవం జరుగుతుంది. మదురైని ఏలిన తిరుమల నాయకుడు 1645లో తవ్వించిన వండియూర్ మారియమ్మన్ తెప్పకుళంలో మీనాక్షీ సుందరేశ్వరులు తెప్ప మీద ఊరేగుతారు, జనం గట్టు మీద నిలబడి తాళ్లతో లాగుతారు. దీపాలు నక్షత్రాల్లా చీలి కనిపించాలన్న ఆశతో ఎఫ్/16, నాలుగు సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టాను. ఇంటికొచ్చి వీడియో వేస్తే మా అత్త చూసి "ఏమిరా, అమ్మవారికి కన్నదురుతున్నట్టుందే!" అంది. జనరేటర్ కరెంటు సరిగా లేదని ఠక్కున చెప్పేశాను. పచ్చి తప్పు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద దీపం సెకనుకు వంద సార్లు మినుకుతుంది, నిజమే. కానీ నాలుగు సెకన్లలో నాలుగు వందల మినుకులు ఒకే ఫోటోలో కలిసిపోతాయి, తేడా ఏమీ మిగలదు. సెకనులో ఐదు వందలో వంతు షట్టర్ పెట్టి ఉంటే దీపాల్ని తిట్టే హక్కు నాకుండేది. కొందరు బ్యాటరీని తిడతారు, కొందరు కొత్త కెమెరా కొంటారు. దాని లెన్స్‌లోనూ అవే రేకులు.

తమాషా ఏమిటంటే మన ముందు తరాలకు ఈ బాధ లేదు. 1910లో లండన్‌లో పెర్సీ స్మిత్ పూలు విచ్చుకోవడాన్ని టైమ్‌లాప్స్ తీసినప్పుడు ఎపర్చర్ చేత్తో తిప్పి పెడితే అక్కడే పడి ఉండేది. ఫ్లైఓవర్‌కు పేరిచ్చిన ఆవిష్కర్త జి.డి. నాయుడి సినిమా కెమెరా సంగతీ అంతే. కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో తెలుగు ఇంట పుట్టిన ఆయన గాంధీని, నెహ్రూను, బోసును తన కెమెరాకెక్కించాడు, సినిమా కెమెరాకు దూరం సరిచేసే పరికరం ఒకటి తయారుచేశాడు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కల మీద అన్ని ప్రయోగాలు చేసిన మనిషి ఈ రేకుల్ని చూస్తే మరునాటికే విప్పి బల్ల మీద పరిచి ఉండేవాడని నా నమ్మకం.

మందు తేలికే. లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీయండి. ఎఫ్/1.8 లెన్స్‌ను ఎఫ్/1.8లోనే వాడితే రేకులు కదలవు, కదలనిదానికి పొరపాటు లేదు. ఎపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ అడాప్టర్‌తో తగిలించినా అంతే. కానన్ వాళ్లకు ఇంకో చిట్కా: డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని లెన్స్‌ను కొద్దిగా విప్పే వైపు తిప్పితే కరెంటు తెగి, రేకులు ఉన్నచోటే ఉండిపోతాయి. లెన్స్ జారితే నన్ననొద్దు. నేను ఈ చిట్కాతోనే తిరుమల నాయకుడి మహల్ ముంగిట స్తంభాల నీడలు తీశాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతుంటే నీడ నేల మీద నూనెలా పాకింది, ఒక్క చోటా అదరలేదు.

ఇంతకీ ఈ టైమ్‌లాప్స్ దేనికి పనికొస్తుందంటే, ఏం చెప్పను? మొక్క పెరుగుదల, మేఘాల నడక చూసుకోవచ్చు. మనవాళ్లు మాత్రం పెళ్లి మండపం అలంకరణకూ అపార్ట్‌మెంట్ల ప్రకటనకూ వాడుతున్నారు.

పీళమేడు పాఠకుడికి: లెన్స్ పూర్తిగా తెరిచి పట్టపగలు తీస్తే షట్టర్ వేగం సెకనులో ఎనిమిది వేలో వంతు దాకా పోతుంది, కార్లు మిడతల్లా గెంతుతాయి. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి తగిలించి మళ్లీ తీసి పంపండి. ఒకటి గుర్తుంచుకోండి, మామూలు డీఎస్ఎల్ఆర్ షట్టర్ ఆయుష్షు లక్ష, లక్షన్నర ఫోటోలు. మొన్నటి ఎనిమిది వందలూ ఆ లెక్కలోంచి అప్పుడే పోయాయి.