ఫోన్ మోగాలా వద్దా? ముందు నెట్‌వర్క్‌ని అడగండి!

మీకు తెలుసా? మీరు ఎవరికైనా ఫోన్ చేసినప్పుడు మీ చెవిలో వినిపించే ‘ట్రింగ్ ట్రింగ్’ అవతలి ఫోన్ మోత కానే కాదు! దాన్ని పుట్టించేది ఎక్స్ఛేంజి. 0.4 సెకన్ల మోత, 0.2 సెకన్ల విరామం, మళ్లీ 0.4 సెకన్ల మోత, ఆపైన 2 సెకన్ల నిశ్శబ్దం. మన దేశంలో దాని కొలత ఇదీ. అవతల ఫోన్ సైలెంట్‌లో పడుకున్నా సరే, మీకు మాత్రం అదే దరువు!

మరి కాలర్ ట్యూన్? అదీ అంతే. పాట ఉండేది మీ వాళ్ల ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్ కంప్యూటర్లో. ‘ట్రింగ్ ట్రింగ్’ బదులు ఆ పాటని మీ చెవిలోకి వదులుతుంది. దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికాం 2002లోనే ఈ సరదా మొదలుపెట్టింది. పాట పెట్టించుకునేది ఒకరు, డబ్బు కట్టేది వాళ్లే, వినేది మాత్రం ఊరంతా!

నెట్‌వర్క్ చేతిలో ఎంత పట్టు ఉందో 2020 మార్చిలో దేశమంతా విన్నది. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఖళ్లుమని దగ్గు, ఆ తర్వాత కరోనా జాగ్రత్తలు! తర్వాత అమితాబ్ బచ్చన్ గొంతు వచ్చింది. 2021 జనవరిలో టీకా మాటలు వచ్చాయి. అంతవరకూ పక్కింటికి ఫోన్ చేసినా ముందు అమితాబ్ పలికేవాడు మరి!

మీకు తెలుసా? మీరు ఏ టవర్ కింద ఉన్నారో నెట్‌వర్క్‌కి అన్నివేళలా కచ్చితంగా తెలియదు. ఫలానా ప్రాంతంలో ఉన్నారని మాత్రమే తెలుసు. అందుకే కాల్ రాగానే ఆ ప్రాంతంలోని టవర్లన్నీ ఒక్కసారిగా మిమ్మల్ని పిలుస్తాయి, జాతరలో మైకు పట్టుకుని తప్పిపోయిన పిల్లాణ్ణి పిలిచినట్టు. ‘ఇక్కడున్నా’ అని మీ ఫోన్ పలుకుతుంది. ఇదంతా రింగు వినిపించే లోపే!

ఇంకో వింత. మీరు వేరే ఊళ్లో ఉంటే, వచ్చే కాల్‌ని మీ దాకా చేర్చడానికి నెట్‌వర్క్ ఆ క్షణానికి ఒక తాత్కాలిక నంబరు పుట్టిస్తుంది. పని అయ్యాక అదే నంబరు ఇంకొకరికి! మీ పేరున ఎన్ని నంబర్లు వచ్చి పోయాయో మీకే తెలియదు.

‘స్విచ్ఛాఫ్’ చేసేటప్పుడు ఫోన్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతుందనుకుంటున్నారా? లేదు! వెళ్తూ వెళ్తూ నెట్‌వర్క్‌కి ‘సెలవు’ అని చెప్పి మరీ ఆగుతుంది. అందుకే ఇక టవర్లు మిమ్మల్ని వెతకవు. అదే మొబైల్ నీళ్లలో పడిందనుకోండి... సెలవు చెప్పే అవకాశమేదీ? నెట్‌వర్క్ కాసేపు వెతికి వెతికి ‘అందుబాటులో లేరు’ అంటుంది, పాపం!

ఇప్పుడు అసలు పోరు వినండి. ఫోన్ ఎంతసేపు మోగాలి? 2019లో మన దేశంలో టెలికాం కంపెనీల మధ్య దీని మీద పెద్ద రభసే జరిగింది! అప్పట్లో కాల్ చేసిన వాళ్ల కంపెనీ, అందుకున్న వాళ్ల కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి. రింగు తొందరగా ఆగిపోతే ఏమవుతుంది? మిస్డ్ కాల్. మిస్డ్ కాల్ చూసిన వాళ్లు తిరిగి చేస్తారు. అంతే, 6 పైసలు కట్టాల్సిన వాళ్లు తారుమారు! అలా మోత 25 సెకన్లకు కుదించుకుపోయింది. వంటింట్లోంచి చేయి తుడుచుకుని వచ్చేసరికి ఫోన్ ఆగిపోయేది. చివరికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుంది. మొబైల్ 30 సెకన్లు, ల్యాండ్‌లైన్ 60 సెకన్లు మోగాల్సిందేనని 2019 నవంబరులో తేల్చింది. 2021 జనవరి 1న ఆ 6 పైసలూ పోయాయి. ఎత్తేవారికి ఐదు సెకన్లు ఎక్కువ దక్కాయి, హమ్మయ్య!

మీకు తెలుసా? కాల్ ఫార్వర్డింగ్ పెట్టాక కొత్త ఫోన్ కొన్నా అది పోదు! ఆ సెట్టింగు ఉండేది నెట్‌వర్క్‌లో. ఫోన్ ఎత్తకపోతే ఎన్ని సెకన్ల తర్వాత వేరే నంబరుకి మళ్లించాలో కూడా చెప్పొచ్చు: 5 నుంచి 30 దాకా, ఐదేసి చొప్పున. 12 సెకన్లు కావాలంటే కుదరదు, ఎక్కాలు చదవాల్సిందే!

అయితే ఈ సదుపాయం దొంగల చేతికీ చిక్కింది. ‘*401# కొట్టి ఈ నంబరు నొక్కండి’ అని నమ్మబలికి, ఓటీపీ చెప్పే కాల్స్‌ని తమ వైపు తిప్పుకున్నారు. అందుకే అలా కోడ్ కొట్టి పెట్టుకునే ఫార్వర్డింగ్‌ని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ ఆదేశించింది. ఎవరైనా కోడ్ నొక్కమంటే చప్పున పెట్టేయండి, ఫోన్‌ని!

కాల్ దారి మళ్లడం కొత్త తగాదా కాదు. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే అంత్యక్రియల వ్యాపారి ఉండేవాడు. ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు తన పోటీదారు భార్య అనీ, తనకు రావాల్సిన కాల్స్‌ని అటు తిప్పేస్తోందనీ అతనికి కోపం వచ్చిందట. ఆపరేటరే లేకుండా చేస్తానని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి కనిపెట్టి 1891లో పేటెంట్ సంపాదించాడు. కోపం వస్తే మనం ఫోన్ విసిరేస్తాం, ఆయన ఎక్స్ఛేంజినే మార్చేశాడు!

ఇన్‌కమింగ్ ఫ్రీ అన్నది ముందునుంచీ ఉందనుకునే కుర్రకారూ, వినండి. 2003 మేకి ముందు మొబైల్‌కి కాల్ వస్తే ఎత్తినవాళ్లకూ బిల్లు! ఎత్తాలా వద్దా అని గుండె దడ.

చివరిగా ఒక అంకె, గట్టిగా ఊపిరి పీల్చుకోండి. విదేశాల నుంచి వస్తూ మన దేశపు నంబరులా కనిపించే నకిలీ కాల్స్‌ని ఆపేందుకు 2024 అక్టోబరులో ఒక వ్యవస్థ మొదలైంది. మొదటి 24 గంటల్లో అది ఆపేసిన కాల్స్ ఎన్నో తెలుసా? సుమారు 1.35 కోట్లు!