బోరు నీళ్లు చెడితే ఎవర్ని అడగాలి? పర్యావరణ చట్టంలో పీజీ కథ

పులివెందుల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి అడిగినాడు: "అన్నా, నాది బీటెక్ సివిల్. పర్యావరణ చట్టంలో పీజీ ఉందంట. అది లాయర్లకు కదా, మనకెందుకు?" ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న మీదే.

మన గండి తెలుసు కదా. శ్రావణ శనివారాల్లో వీరాంజనేయస్వామి దగ్గరికి పోయేవాళ్లంతా చూసే ఉంటారు, పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వస్తుంది. ఆ పక్కనే వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది. ఖనిజం శుద్ధి చేశాక మిగిలే బురద వ్యర్థం టెయిలింగ్ పాండ్‌లోకి పోతుంది. దాని పక్క ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడిపోయినాయి, పంటలు దెబ్బతిన్నాయి అన్నారు. దానికీ మాకూ సంబంధం లేదని యూసీఐఎల్ అంది.

ఎవరిది నిజం అనేది ఈరోజు నేను తేల్చను. అది తేల్చాలంటే ఏమేం తెలియాలో చూడండి. పాండ్ అడుగున నీళ్లు ఇంకకుండా వేసిన పొర ఎట్లాంటిది, భూగర్భ జలం ఏ దిక్కుకు పారుతుంది? ఇది సైన్స్. కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో ఏ షరతు రాసింది? ఇది చట్టం. అసలు అక్కడ పాండ్ కట్టొచ్చని ఏ లెక్కన నిర్ణయించినారు? ఇది విధానం, అంటే పాలసీ. మూడూ చదవగలిగిన మనిషి ఊర్లో ఒక్కరైనా ఉన్నారా?

ఈ ఇబ్బంది కోర్టులకూ వచ్చింది. హైదరాబాద్ హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దగ్గర ఒక నూనె ఫ్యాక్టరీ మీద మన కాలుష్య మండలి సుప్రీంకోర్టుకు పోయింది. 1999లో తీర్పిచ్చిన ధర్మాసనంలో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఉన్నారు. శాస్త్ర విషయాలు జడ్జీలు ఒక్కరే తేల్చడం కష్టం, నిపుణులు కూడా ఉండే కోర్టులు కావాలని ఆ తీర్పు చెప్పింది. తర్వాత ఆయనే లా కమిషన్ చైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో అదే సిఫార్సు చేసినారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. మన కేసులు వినేది చెన్నై బెంచ్. అక్కడ జడ్జి పక్కన సైన్స్ తెలిసిన సభ్యుడు కూడా కూర్చుంటారు.

అయితే గడియారం ఆగదు. పర్యావరణ అనుమతిని సవాలు చేయాలంటే 30 రోజులు. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. అంతే. మన చేతికొచ్చే తెలుగు సారాంశం కొన్ని పేజీలే, అసలు నివేదిక వందల పేజీల ఇంగ్లీషు. చదివేలోపే గడువు దాటిపోతుంది.

ఈ లోటు కోసమే యూనివర్సిటీల్లో ఇట్లాంటి కేంద్రాలు పెట్టినారు. మనకు దగ్గరలోది బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లోని 'సీరా', 1997 నుంచి ఉంది. పర్యావరణ చట్టం బోధన, పరిశోధన, జనం తరఫున వాదన, మూడూ దాని పని. అదే లా స్కూల్ పర్యావరణ చట్టంలో పీజీ డిప్లొమా కూడా ఇస్తుంది. ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు, ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో చదవొచ్చు.

ఒక మాట నిజాయితీగా చెప్తా. డిప్లొమా చేస్తే లాయర్ అయిపోరు. దానికి ఎల్‌ఎల్‌బీ కావాలి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. కానీ ట్రిబ్యునల్‌లో బాధితులు తమ కేసు తామే వాదించుకోవచ్చు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలే. ఆ రైతు పక్కన కూర్చుని, నీటి పరీక్ష రిపోర్టు చదివి, షరతుతో పోల్చి కాగితం రాసిచ్చే మనిషే మనకు తక్కువ. తమ్ముడూ, సివిల్ చదివిన నీకు అందులో సగం ముందే వచ్చు.

ఫీజు కట్టకముందు ఒక పని చెయ్. కేంద్ర ప్రభుత్వ 'పరివేశ్' వెబ్‌సైట్‌లో మన పక్క ఏదైనా గని, ఫ్యాక్టరీ అనుమతి పత్రం తియ్. కింద షరతులు ఉంటాయి. వాటిని పాటిస్తున్నామని కంపెనీ ఆరు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒక ఆదివారం చదువు. నిద్రొస్తే ఈ కోర్సు నీది కాదు. కోపమొస్తే, చేరిపో.

ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.