హార్డ్ డిస్క్‌కీ హెల్త్ చెకప్!

నాన్న గొంతున్న వీడియోలు, అక్క పెళ్లి ఫొటోలు... ఫోన్ నిండినప్పుడల్లా అన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో పడేసేవాణ్ని. ఓ రోజు ఫోల్డర్ తెరుచుకోడానికే నిమిషం పట్టింది. కేబుల్ లూజేమో అనుకున్నా. కాదు!

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే, నీలం ఉండాల్సిన చోట పసుపు రంగు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలుంటాయి, వాటిని 'స్మార్ట్' అంటారు. అందులో ముఖ్యంగా 5, 197 నంబర్ల వరసలు చూడాలి. 5 అంటే, పాడైనవాటి బదులు డిస్క్ స్పేర్‌లోంచి వాడేసిన సెక్టార్లు. 197 అంటే, చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. అక్కడ సున్నా ఉంటే హాయి. అంకె రోజురోజుకీ పెరుగుతోందంటే డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డట్టే. (అన్నిసార్లూ ఇలా ముందే చెప్పదు, చెప్పాపెట్టకుండా పోయేవీ ఉంటాయి.)

నాది ఉదయం 16, సాయంత్రానికి 88!

స్కాన్, రిపేర్ అంటూ కెలకలేదు. ఆ శ్రమకే డిస్క్ పోవచ్చు. ముందు నాన్న వీడియోలు కాపీ చేశా. పెళ్లి ఫొటోలు సగంలో ఉండగా లోపల్నుంచి టక్... టక్... వెంటనే పీకేశా. ఆ శబ్దం వచ్చాక ఇంకా నడిపిస్తే లోపలి హెడ్ డిస్క్‌ని గీకేసే ప్రమాదం ఉంది.

నాన్న వీడియోలు ఇప్పుడు రెండు చోట్ల ఉన్నాయి. అక్క మాత్రం ఫ్యామిలీ గ్రూప్‌లో అందర్నీ అడుగుతోంది, 'నా తలంబ్రాల ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా?' అని.