కడలి యొడ్డున రెండు రాత్రుల బస

టెక్కలి ప్రాంతమువారికి సముద్రము దూరపు చుట్టము కాదు. భావనపాడు రేవు ఊరికి కొలది క్రోసుల దూరముననే కలదు. కార్తిక పూర్ణిమకు సముద్రస్నానము, సెలవుదినమున పిల్లల వేడుక, ఇట్టి సందర్భములలో మనమందరమును ఆ ఇసుకపై అడుగు పెట్టుచునే యుందుము. కాని ప్రొద్దుగుంకుసరికి ఇంటిదారి పట్టుదుము. కడలి యొడ్డున ఒక రాత్రి నిద్రించి, తెల్లవారుజామున సూర్యుడు నీటినుండి పైకి వచ్చుట చూచినవారు మనలో ఎందరు? "అవి డబ్బున్నవారి ముచ్చటలండీ, మనకెందుకు?" అని పెక్కుమంది గృహిణులు అనగా మేము విన్నాము. ఆ మాట కొంత నిజము, కొంత అపోహ. మితమైన జీతముగల కుటుంబము సముద్రతీరమున రెండు రాత్రులు బసచేయదలచినచో దేనికి సొమ్ము పెట్టవలెను, దేనికి పెట్టనక్కరలేదు, ఏ విషయమున పొదుపు బొత్తిగా పనికిరాదు అను సంగతులను శ్రోతలకు మనవిచేయదలచినాము.

మొదట మాటలను గూర్చి కొంచెము. మన వాడుకలో హోటలనగా ఇడ్లీ, కాఫీ దొరకు చోటు. పడుకొనుటకు గది యిచ్చు దానిని లాడ్జి అందుము. ఈ భేదము ఊరక వచ్చినది కాదు. సొమ్మిచ్చి భోజనము చేయుట ఆంధ్రదేశమున ప్రాతదియే. ఓరుగంటి వీథులను వర్ణించిన 'క్రీడాభిరామము'న ఒక రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూళ్ళ యింటి ప్రసక్తి కలదు. కాని తల దాచుకొనుటకు సొమ్ము పుచ్చుకొనుట మనవారికి చాలకాలము రుచింపలేదు. సత్రము, గుడి మండపము, ఊరి పెద్ద యింటి అరుగు, ఇవియే బాటసారికి బసలు. గదిని చూపుమనుటకును, నచ్చనిచో మార్చుమనుటకును మనకు నేటికిని బిడియముండుటకు ఇదియొక కారణము కావచ్చును. ఆ బిడియమును మొదట విడువవలెను. లాడ్జి యజమాని మనకు ఆతిథ్యమిచ్చుట లేదు, గదిని అద్దెకిచ్చుచున్నాడు. చూచి తీసికొనుట మర్యాదకు భంగము కాదు.

ఇక చోటు సంగతి. మన ప్రాంతమువారికి మూడు మార్గములు కలవు. భావనపాడు మత్స్యకారుల రేవు. అది పగటి విహారమునకు తగినది. రాత్రికి టెక్కలికి మరలి వచ్చుట మేలు. బారువ మహేంద్రతనయా నది సముద్రమున కలియు చోటు, పూర్వము ఓడరేవు, చుట్టును కొబ్బరితోటలు. పలాస–కాశీబుగ్గలోనో సోంపేటలోనో గది తీసికొని ఉదయ సాయంకాలములు బారువకు పోయి వచ్చినచో ఖర్చు తక్కువ. అచ్చముగ సముద్రము ప్రక్కనే నిద్రింపవలెనను కోరిక కలవారికి మూడవ మార్గము గోపాలపురము. పలాసలో రైలెక్కి బరంపురమున దిగినచో అచ్చటినుండి గోపాలపురము సుమారు 16 కిలోమీటర్లు.

గోపాలపురము మనకు పరాయి ఊరు కాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రముగ ఏర్పడువరకు టెక్కలియు, బరంపురమును ఒకే గంజాము జిల్లాలోనివి. మన తాతల కాలమున కూలివారు ఈ తీరపు రేవులలో ఓడలెక్కియే 'రంగము' పోయిరి. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో ఆ రాకపోకలు నిలిచినవి. ఓడలు పోయినను విహారమునకు వచ్చువారు మాత్రము మిగిలిరి. ఏలనన, అప్పటికే 1914లో మాగ్లియోని యను ఇటలీదేశీయుడు అచ్చట సముద్రమునకెదురుగ 'పామ్ బీచ్' అను హోటలును నెలకొల్పియుండెను. తరువాత 1947లో మోహన్ సింగ్ ఓబెరాయ్ దానిని కొనెను. చేతులు మారి అది నేటికిని నడుచుచున్నది. అది సంపన్నుల బస. అయినను దాని పేరున ఊరికి పేరు వచ్చి, చుట్టును సామాన్యుల లాడ్జీలు వెలసినవి. ఒడిశా పర్యాటక శాఖవారి పాంథనివాసమును కలదు.

ఇటలీ ప్రసక్తి వచ్చినది గనుక ఒక పోలిక చెప్పుదుము. ఆ దేశమున రిమినీ యను తీరనగరమున 1843లోనే సముద్రస్నానశాలను తెరచిరి. అట్టి ఊళ్ళలో 'పెన్సియోనె' అను చిన్న బసలు ప్రసిద్ధములు. తఱచుగా ఒక కుటుంబమే దానిని నడుపును. గదితోపాటు ఉదయపు ఉపాహారము, ఒకపూట భోజనము కలిపి ఒకే ధర చెప్పుదురు. మన పూటకూళ్ళ యింటికి పైన ఒక పడకగది చేర్చినట్లన్నమాట. అయితే అచ్చట ఇసుకకును ధర కలదు. తీరమున చాల భాగము గుత్తకిచ్చి, గొడుగును పడకకుర్చీని వరుసలు తీర్చి దినమునకింత యని అద్దె పుచ్చుకొందురు. మన తీరమున ఇసుక అందరిదియు. మనము సొమ్మిచ్చునది గదికి మాత్రమే. ఈ సంగతి తెలిసినచో సగము ఖర్చు తగ్గినట్లే. దినమంతయు ఒడ్డుననే గడుపువారికి గది నిద్రకును, స్నానమునకును, సామాను భద్రముగ నుంచుటకును మాత్రమే గదా!

అందువలననే సముద్రము కనబడు గదికై హెచ్చు సొమ్ము పెట్టుట అంత అవసరము కాదనుకొందుము. పగలు నేల నీటికంటె త్వరగ వేడెక్కును. నేలపై గాలి తేలికపడి పైకి లేవగా, కడలిమీది చల్లగాలి ఆ చోటికి వచ్చును. రాత్రి నేల త్వరగ చల్లారుటచేత గాలి నేలనుండి కడలివైపు మరలును. కావున సముద్రమువైపు మాత్రమే కిటికీయున్న గది సాయంకాలము హాయిగ నున్నను, అర్ధరాత్రి దాటిన పిమ్మట ఉక్కపోయవచ్చును. సముద్రము కనబడుటకంటె ఎదురెదురుగ రెండు కిటికీలుండుట ముఖ్యము. ఆ గదికి అద్దెయు తక్కువగనే యుండును.

ఉప్పుగాలి మరియొక పని చేయును. అది ఇనుమును తినివేయును. తలుపు గడియ సరిగ పడుచున్నదా, కిటికీ ఊచలు గట్టిగ నున్నవా, మీటలు తడిగ లేవు గదా, పంకా చప్పుడు లేక తిరుగుచున్నదా అని సామాను దింపకముందే చూచుకొనవలెను. ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చును గనుక దుప్పట్లు ఉతికినవైనను ఒకింత తడిగ తోచును. అది యజమాని తప్పు కాదు. కాని చెమ్మ వేరు, మురికి వాసన వేరు. ఇంటినుండి రెండు దుప్పట్లు తీసికొని పోయినచో చిక్కు లేదు. క్రింది అంతస్తు గదులలో చెమ్మయు ఇసుకయు హెచ్చు. మెట్లెక్కలేని పెద్దలు లేనిచో పై అంతస్తు మేలు.

మంచినీటి విషయమున మాత్రము పొదుపు వలదు. తీరపుటిసుకలో వాననీరు ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తేలుచు పలుచని పొరవలె నిలుచును. ఆ తీయనీటిని మితిమీరి తోడినచో అడుగునుండి ఉప్పునీరు పైకి వచ్చును. కావున లాడ్జి గొట్టములోని నీరు స్నానమునకు చాలును గాని త్రాగుటకు పనికివచ్చునని నమ్మరాదు. ఉద్దానము వారికి నీటిని గూర్చి వేరుగ చెప్పవలసిన పనిలేదు. అచ్చటి గ్రామములను పీడించుచున్న మూత్రపిండవ్యాధికి కారణమేమో శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయింపలేకపోయిరి. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా ఆ గ్రామములకు మంచినీరు తెచ్చు పథకము 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభమైనది. నీటి విలువ ఎరిగిన మనము బసలో నీరెక్కడిదని అడుగుటకు సందేహింపరాదు.

ఇక లెక్క. గదిలో దిగకముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. దినమనగా వచ్చిన గంటనుండి 24 గంటలా, లేక మధ్యాహ్నము 12 గంటలకు ఖాళీచేయవలెనా? సాయంకాలము దిగువారికి ఈ ప్రశ్నయే ఒక దినపు అద్దె మిగుల్చును. చెప్పిన ధరలో పన్ను చేరియున్నదా? 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి దినమునకు 7,500 రూపాయలవరకు అద్దెగల గదులపై పన్ను నూటికి 5 మాత్రమే. అదనపు పరుపునకెంత? ఈ మూడింటికి జవాబు ముందే తెలిసినచో తిరుగు ప్రయాణపు ఉదయమున వాదులాట యుండదు. పెద్దలందరును గుర్తింపు కార్డులు వెంట నుంచుకొనవలెను. భోజనము లాడ్జిలోనే చేయవలెనను నియమము లేదు. కాని చేపల కూర కోరువారు ధర ముందుగ అడిగి మరీ చెప్పవలెను.

ఇంతవరకు సొమ్మును గూర్చి చెప్పితిమి. ఇక ప్రాణమును గూర్చి చెప్పవలెను.

కొన్ని యేండ్ల క్రిందట మేము రెండు మూడు కుటుంబములవారము కలిసి గోపాలపురము పోయితిమి. మొదటి రాత్రి గది అద్దెలో ఏబది రూపాయలకై అరగంట బేరమాడితిమి. మరునాటి ఉదయము సముద్రమున దిగుటకు చోటు చూచుకొనుటలో అర నిమిషమైనను ఆలోచింపలేదు. మాలో ఒకరి కుమారుడు, పదునాలుగేండ్లవాడు, అలలు లేక నిమ్మళముగ నున్న జాగా చూచి అదియే మంచిదని దిగెను. మేమును అట్లే తలచితిమి. నడుములోతు నీట నిలిచిన పిల్లవాడు మేము చూచుచుండగనే లోనికి పోవుచుండెను. ఒడ్డువైపే చేతులు వేయుచుండెను గాని వెనుకకే జరుగుచుండెను. వల బాగుచేసికొనుచున్న ముదుసలి జాలరి యొకడు "అడ్డంగా రా బాబూ, ఇటేపుకి అడ్డంగా!" అని తెలుగుననే కేకవేయుచు నీట దూకి, వానిని ప్రక్కగ కొంతదూరము లాగి, అలలతోపాటు ఒడ్డునకు చేర్చెను. మాకు నోట మాట రాలేదు. అతడు మాత్రము ఊపిరి తీసికొని, "అల లేని సోటే దొంగసోటు బాబూ. అలున్న కాడే నేలుంటాది" అనెను. సొమ్మీయబోగా తీసికొనక, టీ ఇప్పింపుమనెను.

అతడు చెప్పినది శాస్త్రమే. నీరు లోతు తక్కువైన చోట అల విరుగును. అలలు ఒడ్డునకు తెచ్చిపోసిన నీరు తిరిగి పోవలెను గదా! ఇసుక తిన్నెల నడుమనున్న లోతైన సందులలో అది చేరి, సన్నని ప్రవాహముగ లోనికి పరుగెత్తును. ఆ సందులో లోతు హెచ్చగుటచే అలలు విరుగవు. చూచువారికి అదియే నిమ్మళముగ తోచును. అందు చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదినచో అలసి మునుగును. ప్రవాహము వెడల్పు తక్కువ గనుక ఒడ్డునకు సమానముగ ప్రక్కకు ఈది, అలలు విరుగుచున్న చోటికి వచ్చినచో అవియే ఒడ్డునకు త్రోయును. ఈతరానివాడు మోకాలి లోతు దాటరాదు. పూరీలోను, గోపాలపురములోను స్నానము చేయువారిని కనిపెట్టియుండు జాలరులను ఒడియావారు నోలియాలందురు. వారిలో పెక్కురు తెలుగువారే. మన భాషలో అడిగినచో మన భాషలోనే దారి చెప్పుదురు. దిగకముందు వారిని అడుగుటకు ఖర్చు లేదు.

కాలమును గూర్చి ఒక్క మాట. దసరానుండి సంక్రాంతివరకు ఈ తీరమునకు వచ్చువారు హెచ్చు, అద్దెలును హెచ్చు. కాని అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలము కూడ. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము చెంతనే తీరము దాటెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చెను. బయలుదేరుటకు ముందు రేడియోలో వాతావరణ సూచన తప్పక వినవలెను. రేవులలో 1 నుండి 11 వరకు ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. ఏ సంఖ్య ఎగిరినను స్నానము మానుకొనవలెను. ఒకవేళ యజమాని "ఈ రాత్రికి లోపలి ఊరికి పొండి" యన్నచో అద్దె పోయినదని వాదింపరాదు. నాలుగు గదుల లాడ్జి నడుపువానికి ఒక్క తుఫానుతో ఏడాది సంపాదన గాలికి పోవును. అట్టివాడు పొమ్మన్నాడనిన, మన ప్రాణమును తన అద్దెకంటె మిన్నగ నెంచినాడన్నమాట.

సంక్రాంతి సందడి ముగిసిన పిమ్మట, ఎండలు ముదురకముందు, పని దినములలో పోయినచో గదులు సులభముగ దొరకును, అద్దెలు తగ్గును, సముద్రమును కొంత శాంతముగ నుండును. తిరుగుదారిలో టెక్కలి చెంతనున్న తేలినీలాపురమున ఒక పూట ఆగుడు. ఏటేట గూడబాతులును కొంగలును వచ్చి, ఆ ఊరి చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోవును. ఆ ఊరివారు వాటిని తమ యింటికి వచ్చిన అతిథులవలె కాపాడుదురు.

ఆనాడు నీట చిక్కిన పిల్లవాడు నేడు పెద్దవాడై తన పిల్లలను సముద్రమునకు తీసికొని పోవుచున్నాడు. గది ఎట్టిదైనను సరే గాని, నీటిలో దిగకముందు మాత్రము ఒడ్డుననున్న జాలరినడిగి వచ్చునట.