ఒకే బంతి, వందసార్లు

1909లో ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు ఇంగ్లండ్ పర్యటనలో ఉండగా కేంబ్రిడ్జ్‌లో ఒక చెక్క యంత్రం వారికి బంతులు వేసింది. జట్టులోని మేటి ఆటగాళ్ళలో ఒకరిని అది వరుసగా నాలుగుసార్లు బౌల్డ్ చేసింది. దాన్ని తయారుచేసినవాడు జాన్ వెన్. బడిలో సమితుల పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసిన వెన్ చిత్రాలు ఆయనవే. బంతికి స్పిన్ కూడా ఇవ్వగలిగిన ఆ యంత్రాన్ని కేంబ్రిడ్జ్ ఇంజనీర్లు 2024లో మళ్ళీ కట్టి చూపించారు.

వెన్ కంటే ముందు కూడా ఈ ఆలోచన ఉంది. ఫెలిక్స్ అనే మారుపేరుతో ఆడిన నికొలస్ వానోస్ట్రోక్ట్ ఇంగ్లండ్‌లో బడిపంతులు, కెంట్ జట్టు ఆటగాడు. కోటగోడల మీదికి రాళ్ళు విసిరే పురాతన రోమన్ యంత్రాన్ని చూసి, క్రికెట్ బంతి విసిరే కాటాపుల్టాను ఆయన రూపొందించాడు. 1845లో వచ్చిన తన బ్యాటింగ్ పుస్తకంలో దాని గురించి రాశాడు. కోటలు పగలగొట్టడానికి పుట్టిన సూత్రం అలా ఆట నేర్పే పనికి వచ్చింది.

టెన్నిస్‌లోకి దీన్ని తెచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన రెనే లాకోస్ట్. మొసలి బొమ్మ చొక్కాల లాకోస్ట్ ఆయనే. సింగిల్స్‌లో ఏడు గ్రాండ్ స్లామ్ టైటిళ్ళు గెలిచినా తన ఆటలోని లోపాలు ఆయనకు బాగా తెలుసు. వాటిని దిద్దుకోవాలంటే గంటల తరబడి బంతులు వేసే మనిషి కావాలి. ఏ మనిషీ అంతసేపు నిలబడలేడు కాబట్టి 1920లలో చేత్తో మర తిప్పితే బంతులు విసిరే యంత్రాన్ని తయారుచేసుకున్నాడు.

అమెరికాలో హోవార్డ్ హెడ్ కథ ఇంకా ఆసక్తికరం. లోహపు స్కీలు తయారుచేసే కంపెనీని అమ్మేసి టెన్నిస్ నేర్చుకోబోయిన ఈ ఇంజనీరు, ప్రిన్స్ అనే చిన్న కంపెనీ వారి బంతి యంత్రం కొన్నాడు. దాని పనితీరు నచ్చక సొంతంగా బాగుచేయడం మొదలుపెట్టి, చివరికి ఆ కంపెనీకే అధిపతి అయ్యాడు. తర్వాత 1976లో పెద్ద తల ఉన్న రాకెట్‌కు పేటెంట్ తీసుకుని టెన్నిస్ స్వరూపాన్నే మార్చాడు.

ఫెలిక్స్ నుంచి హెడ్ దాకా అందరూ వెతికింది ఒక్క గుణాన్నే. చేత్తో వేసే పది బంతులు పది రకాలుగా పడతాయి. ఒకే ఎత్తులో, ఒకే వేగంతో, ఒకే చోటికి వచ్చే బంతిని వందసార్లు కొట్టినప్పుడు తప్పు మన కొట్టుడులో ఉందో లేదో తేటతెల్లమవుతుంది. బంతి మారుతూ ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తేలదు. యంత్రం కొనేవాళ్ళు మొదట చూడవలసింది అందుకే ఈ నిలకడను. మీటలెన్ని, ఫోన్‌లో యాప్ ఉందా, రిమోట్ ఉందా అన్నవి తర్వాతి మాట.

నేటి యంత్రాల్లో ఎక్కువ భాగం రెండు చక్రాలతో పనిచేస్తాయి. ఎదురెదురుగా తిరిగే చక్రాల మధ్య సందు బంతి వ్యాసం కంటే కాస్త తక్కువగా ఉంటుంది. బంతి ఆ సందులో నలిగి, చక్రాల అంచుల వేగాన్ని అందుకుని బయటికి దూకుతుంది. రెండు చక్రాల వేగాల సగటు బంతి వేగమవుతుంది. వాటి తేడా స్పిన్ అవుతుంది. పై చక్రం అంచు సెకనుకు 16 మీటర్లు, కింది చక్రం 12 మీటర్లు తిరిగాయనుకుందాం. చక్రాల మీద జారకపోతే బంతి సెకనుకు 14 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 50 కిలోమీటర్లతో వెళుతుంది. మనం ముందు చూడబోయే పికిల్‌బాల్ అనే ఆటలో బంతి వ్యాసం 7.4 సెంటీమీటర్లు కాబట్టి అది సెకనుకు సుమారు ఎనిమిదిన్నర చుట్లు ముందుకు తిరుగుతుంది. తిరిగే బంతి గాలిలో ఎందుకు వంగుతుందో జర్మన్ శాస్త్రవేత్త గుస్తాఫ్ మాగ్నస్ 1852లో వివరించాడు. ముందుకు తిరిగే బంతి మామూలు కంటే త్వరగా కిందికి దిగుతుంది.

ఈ పికిల్‌బాల్ ఆట పుట్టింది 1965 వేసవిలో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం బైన్‌బ్రిడ్జ్ దీవిలో. జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ కలిసి ఇంట్లోని పిల్లల కాలక్షేపం కోసం పాత బ్యాడ్మింటన్ కోర్టులో రంధ్రాల ప్లాస్టిక్ బంతితో ఆట మొదలుపెట్టారు. పొరుగువాడు బార్నీ మెకల్లమ్ ప్లైవుడ్ కోసి బ్యాట్లు చేశాడు. కోర్టు కొలత ఇప్పటికీ 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. సరిగ్గా బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టే. నెట్‌ను మాత్రం అంచుల్లో 36, మధ్యలో 34 అంగుళాల ఎత్తులో కట్టాలి.

ఇక్కడే నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు వంటి ఊళ్ళకు ఈ ఆట దగ్గరవుతుంది. బడి ఆవరణలో బ్యాడ్మింటన్ గీతలున్న సిమెంటు నేల ఉంటే కోర్టు సగం సిద్ధమైనట్టే. ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడినవాళ్ళకు చేతికి పట్టు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టదు. చెక్క స్పూన్లు, గరిటెలతో భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరిలో మొదటి బ్యాట్లను కూడా స్థానికంగా చేయించుకోవచ్చు. పొడవు 17 అంగుళాలు దాటకుండా, పొడవు వెడల్పులు కలిపి 24 అంగుళాలు మించకుండా ఉంటే చాలు. చెక్క బ్యాట్ కాస్త బరువనిపించినా నేర్చుకునే పిల్లలకు సరిపోతుంది. అలా మిగిలిన డబ్బు యంత్రానికి పనికొస్తుంది.

అయితే టెన్నిస్ యంత్రం చవకగా దొరికిందని తెస్తే పని జరగదు. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59 గ్రాములు, పికిల్‌బాల్ బరువు 22 నుంచి 26 గ్రాములే. పైగా ఇది కాస్త పెద్దది, గట్టి ప్లాస్టిక్‌తో చేసింది. టెన్నిస్ బంతికి సరిపెట్టిన సందులో ఇది ఇరుక్కుంటుంది లేదా పగులుతుంది. తేలిక కావడంతో గాలి దీన్ని బాగా అడ్డుకుంటుంది కూడా. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఆ అడ్డు బంతి బరువులో సగానికి పైగా ఉంటుంది. ఈ బంతి కోసమే చేసిన యంత్రం, లేదా చక్రాల సందు మార్చుకునే వీలున్న యంత్రం తీసుకోవాలి.

కొనేముందు నెమ్మది బంతితో పరీక్షించండి. నెట్ దగ్గర ఏడడుగుల పట్టీని ఆటగాళ్ళు కిచెన్ అంటారు. అక్కడికి మెత్తగా దించే డింక్, డ్రాప్ దెబ్బలే ఈ ఆటకు ప్రాణం. అవి నేర్చుకోవాలంటే యంత్రం మెల్లని బంతిని నిలకడగా వేయాలి. చక్రం వేగం సగమైతే అందులో నిల్వ ఉండే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. బంతిని నొక్కి లోపలికి లాగే శ్రమ మాత్రం అంతగా తగ్గదు. అందుకే నాసిరకం యంత్రం వేగంగా బాగానే విసిరి, నెమ్మదిగా విసిరేటప్పుడు తడబడుతుంది. తక్కువ వేగంలో పది బంతులు వేయించి, పడ్డ ప్రతిచోటా చిటికెడు ముగ్గుపిండి వేయండి. గుర్తులన్నీ ఒక చాట వైశాల్యంలో పడితే అది మంచి యంత్రం. కోర్టంతా చెదిరితే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

రెండోది బంతికీ బంతికీ మధ్య విరామం. ప్రతి బంతీ చక్రం వేగాన్ని కొంత లాక్కుంటుంది. మోటారు ఆ లోటు పూడ్చేలోపే తర్వాతి బంతి పడితే అది దగ్గరలో దిగుతుంది. తక్కువ విరామంతోనూ ఒకసారి పరీక్షించాలి. తొట్టిలో వంద బంతులు పట్టి, ఐదు సెకన్లకొకటి పడితే సాధన 8 నిమిషాల 20 సెకన్లు సాగుతుంది. ఆపైన ఏరుకోవాలి. యంత్రంతో పాటు ఎన్ని బంతులు కొనగలమో కూడా ముందే లెక్క వేసుకోవాలి.

మూడోది కరెంటు, ఎండ, దుమ్ము. కోర్టు పక్కన ప్లగ్గు లేని చోట బ్యాటరీ యంత్రమే మేలు. లిథియం బ్యాటరీ తేలిక, మోటారుసైకిల్ మీద ఊరూరూ తిప్పవచ్చు. లెడ్ యాసిడ్ బ్యాటరీ బరువు, కానీ పాడైతే మార్చుకోవడం తేలిక. రెండింటికీ ఎండ శత్రువే. మెట్ట ప్రాంతపు వేసవిలో బంతులు మెత్తబడి సొట్టలు పోతాయి, సొట్టబంతిని ఏ యంత్రమూ తిన్నగా వేయలేదు. బంతులనూ బ్యాటరీనీ నీడన ఉంచి, సాధన తెల్లవారుజామున పెట్టుకుంటే గాలి తాకిడి కూడా తక్కువ. చక్రాల మీద దుమ్ము చేరితే పట్టు జారుతుంది కాబట్టి ఆట ముగిశాక తడిగుడ్డతో తుడవాలి. చక్రాలకు మూత లేని యంత్రం పిల్లలున్న చోట అసలు వద్దు.

యంత్రం నేర్పలేనిది కూడా ఉంది. బంతి వచ్చేముందు ఎదుటివాడి భుజం, మణికట్టు చూసి మనం అంచనా వేస్తాం. యంత్రానికి భుజం లేదు. బౌలింగ్ యంత్రం ముందు బ్యాటర్ల కదలికలు, నిజమైన బౌలర్ ముందున్నప్పటి కదలికల కంటే వేరుగా ఉంటాయని క్రికెట్ పరిశోధనల్లో తేలింది. కాబట్టి దెబ్బ కుదిరేదాకా యంత్రంతో, కుదిరాక మనిషితో ఆడాలి.

పికిల్‌బాల్ ఇప్పుడు మన దేశంలో వేగంగా పెరుగుతోంది. 2025 ప్రారంభంలో ముంబైలో జరిగిన వరల్డ్ పికిల్‌బాల్ లీగ్‌లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు ఆడింది, అప్పటి చెన్నై జట్టు యజమానుల్లో సినీనటి సమంత ఒకరు. నగరాల్లో శిక్షకులూ తోటి ఆటగాళ్ళూ కోరినప్పుడు దొరుకుతారు. శిక్షకుడు దొరకని చోటే యంత్రం విలువ ఎక్కువ, అందుకే మెట్ట మండలాల పిల్లలకు ఇది చేరాలని నా కోరిక. ఒక్క కుటుంబానికి దాని ధర భారమే. నాలుగు బడులు కలిసి కొని, వారానికొక బడి చొప్పున వంతులు వేసుకుంటే ఆ భారం పంచుకున్నట్టవుతుంది. అలా కొనేటప్పుడు పది బంతుల పరీక్షను ఒక వ్యాయామోపాధ్యాయుడు దగ్గరుండి చేయించి, ఆ తర్వాతే డబ్బు కట్టాలి.